బ్రేకు తొక్కితే వెలిగే లైటు

చోడవరంలో లారీలకు కరెంటు పని చేసి బతికాను. ఇప్పుడు చెయ్యడం లేదు. సన్న వైరు కొసలు కంటికి ఆనడం మానేశాయి, నడుము లారీ కిందకు దూరనంటోంది. అనకాపల్లి రోడ్డులో మా పాత షెడ్డు ఇంకా ఉంది, ఇప్పుడు వేరేవాళ్లు నడుపుతున్నారు. నేను టీకి అటువైపు వెళ్తే, కొత్తగా పనిలో దిగినవాళ్లు ఆపి ఏదో ఒకటి అడుగుతారు. "బల్బు మంచిదే, ఫ్యూజు మంచిదే, వైరూ మంచిదే. మరి ఎలగట్లేదేటి బాబూ?" అన్నది అందరూ అడిగే ప్రశ్న. నిలబడి కొంత చెబుతాను, ఈలోగా టీ చల్లారిపోతుంది, మిగతాది మర్చిపోతాను.

అందుకని ఒక బండి గురించి పూర్తిగా రాసి పెడదామనుకున్నాను. నేను చూసిన బండ్లు చాలా ఉన్నాయి, చాలావాటి సంగతి రాసేంత లేదు. బల్బు మాడితే మార్చాను, వైరు తెగితే అతికాను, అంతే. ఈ ఒక్క బండిలో మాత్రం పనంతా ఉంది. పనితో పాటు ఒక మనిషి బతుకుతెరువు కూడా ఉంది.

రంగుల సంగతి

ముందు వైర్ల గురించి చెప్పాలి. కొత్త లారీ కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఒక్కో వైరుకు ఒక్కో రంగు ఉంటుంది. బ్రేకు లైటుకు ఒకటి, పార్కింగుకు ఒకటి, హారనుకు ఒకటి. పుస్తకంలో ఉన్నట్టే బండిలోనూ ఉంటుంది. ఆ సుఖం కొన్నాళ్లే. చెరకు సీజనులో పొలంగట్టు దగ్గర వైరు తెగిందనుకోండి, డ్రైవరు రంగు వెతుక్కుంటూ కూర్చోడు. దగ్గర్లో ఏ కొట్లో ఏ వైరు దొరికితే అది వేస్తాడు. ఇళ్లకు వాడే కరెంటు వైరు లారీల్లో చూశాను. పెళ్లిపందిట్లో మైకుసెట్టు వాళ్లు వదిలేసిన జంట వైరు చూశాను. ఒక బండిలో వెనక లైట్లన్నిటికీ ఆకుపచ్చ వైరే ఉంది. ఎందుకని అడిగితే, ఆ రోజు వడ్డాది కొట్లో ఆకుపచ్చే ఉందన్నాడు డ్రైవరు.

కాబట్టి పాత లారీలో రంగు చూసి పని మొదలుపెట్టేవాడు సాయంత్రానికి తన్ను తానే తిట్టుకుంటూ ఇంటికి పోతాడు. వైరు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో అదే దాని పేరు. బ్యాటరీ విప్పెయ్యండి. అనుమానం ఉన్న వైరుకు రెండు కొసలూ ఊడదీయండి. చిన్న బ్యాటరీ, చిన్న బల్బు పెట్టి, ఈ కొస ఆ కొస ఒకటేనా కాదా చూడండి. ఒకటే అని తేలాక తెల్ల టేపు ముక్క మీద పేరు రాసి రెండు చోట్లా చుట్టండి. ఆ తరవాతే ఇంకో వైరు ముట్టుకోండి. ఇందులో తెలివితేటల అవసరం లేదు, విసుగు లేకపోతే చాలు. ఈ పనికి వచ్చి మానేసినవాళ్లలో తెలివి తక్కువవాళ్లను నేను చూడలేదు. విసుక్కున్నవాళ్లనే చూశాను.

మీటరు గురించి కూడా ఒక మాట. ఇప్పుడు అందరి దగ్గరా అంకెలు చూపించే మీటరు ఉంది, మంచిదే. అయితే వైరు లోపల పోగులన్నీ తెగిపోయి ఒక్క పోగు మిగిలినా మీటరు నిండు వోల్టేజి చూపిస్తుంది. అదే వైరుకు లారీ బల్బు తగిలిస్తే మిణుక్కుమనదు. కరెంటు ఉందా అని అడగడం వేరు, పని చెయ్యగలదా అని అడగడం వేరు. మొదటిది మీటరు చెబుతుంది, రెండోది బల్బు చెబుతుంది. నా జేబులో చివరిదాకా రెండు వైర్లు అతికిన ఒక పెద్ద బల్బు ఉండేది. నా భార్య ఉతకడానికి చొక్కా తీసుకున్నప్పుడల్లా దాన్ని తీసి కిటికీలో పెట్టేది, "నీ దేవుడిని ఇక్కడ కూకోబెట్టేను, మరిసిపోకు" అని ఎగతాళి చేసేది.

పెద్దమేస్త్రి

నేను పని నేర్చుకున్నది అనకాపల్లిలో. ఆయన్ని అందరూ పెద్దమేస్త్రి అనేవారు, నేనూ అలాగే అంటాను. పనిలో ఆయన అంతటివాడిని తరవాత చూడలేదు. నేర్పడంలో మాత్రం ఆయన అంత పిసినారినీ చూడలేదు. ముఖ్యమైన జాయింటు వేసేటప్పుడు వీపు అడ్డం పెట్టేవాడు. ఎందుకు అలా చేశారని అడిగితే, "నీకు ఆకలేస్తంది, ఎల్లి తినేసి రా" అనేవాడు. ఇది గొప్ప పద్ధతి అని కొందరు అంటారు, దాచిపెడితే శిష్యుడికి పట్టుదల వస్తుందట. నాకు అలా ఏమీ రాలేదు. వేరేచోట రోజుల్లో నేర్చుకోగలిగేది ఆయన దగ్గర నెలలు పట్టింది, అంతే. మీరు ఎవరికైనా నేర్పే రోజు వస్తే వీపు అడ్డం పెట్టకండి.

ఆయన దాచకుండా చెప్పింది ఒకటి ఉంది. బండి రాగానే నేను స్పానరు పట్టుకుని ముందుకు ఉరికితే చెయ్యి పట్టుకుని ఆపేవాడు. "ఒరే, ఆగు. పని సెయ్యట్లేదని అందరూ సెప్తారు. అది ఇంకేటి సేస్తందో సూడు ముందు" అనేవాడు. నాకు అప్పుడు అర్థం కాలేదు. హారను మోగడం లేదంటే హారను చూడాలి గాని, ఇంకేం చేస్తోందో చూడడం ఏమిటి? ఆ మాట అర్థం కావడానికి నేను చోడవరం వచ్చి షెడ్డు పెట్టుకుని, నూకరాజు బండి నా దగ్గరకు రావాల్సి వచ్చింది.

నూకరాజు బండి

నూకరాజు నా ఈడువాడు. బుచ్చయ్యపేట వైపు పొలాల నుంచి గోవాడ పంచదార ఫ్యాక్టరీకి చెరకు తోలే లారీ డ్రైవరు. లారీ రామునాయుడు గారిది. అప్పటికే ముసలి బండి, చెక్క బాడీది. ఆ బండి నాయుడు గారి తండ్రి కొన్నది. కొన్న కొత్తలోనే నూకరాజు దాని మీద ఎక్కాడు, ఇంకో బండి తోలలేదు. గేరు కర్ర అరిగిపోయి అతని అరచేతిలా అయిందని పక్క డ్రైవర్లు నవ్వేవారు.

ఆ సీజను మొదట్లో వడ్డాది మలుపు దగ్గర ఒక రైతు మోటారు సైకిలు మీద వచ్చి ఆ లారీని వెనక నుంచి గుద్దాడు. మనిషికి కాలు విరిగింది. లారీ ఆగుతున్నట్టు వెనక లైటు వెలగలేదని రైతు అన్నాడు. వెలిగిందని నూకరాజు అన్నాడు. ఆ తరవాత బండిని ముగ్గురు ఎలక్ట్రీషియన్లకు చూపించారు. ఒకరు బ్రేకు స్విచ్చి మార్చారు. ఒకరు బల్బులు మార్చారు. ఇంకొకరు ముందు నుంచి వెనకదాకా కొత్త వైరు లాగారు. ముగ్గురి దగ్గరా బ్రేకు తొక్కితే లైటు బాగానే వెలిగింది. రోడ్డు మీదకు పోయాక వెనక వచ్చేవాళ్లు లైటు రాలేదని అరుస్తూనే ఉన్నారు.

అప్పుడు నాయుడు గారు నా దగ్గరకు తెచ్చారు. నూకరాజు స్టీరింగు దగ్గరే కూర్చుని ఉన్నాడు, దిగలేదు. నాయుడు గారు మోటారు సైకిలు స్టాండు వేసి, అతనికి వినబడేలాగే అన్నారు.

"మేస్త్రీ, సూడు. ఈడు అమ్మోరి పటానికి లైటు ఎట్టేడు. ఎక్కడి నుంచో లైను లాగేడు. ఎక్కడి నుంచని అడిగితే సెప్పడు. ఇప్పుడు నువ్వు లైన్లు బాగున్నాయంటే ఈడి తొక్కుడు తప్పు. బాగోలేదంటే ఈడు ఏసిన జాయింటు తప్పు. ఏదో ఒకటి తేల్చి సెప్పెయ్. ఆదివారం నుంచి కొత్త డ్రైవరొస్తన్నాడు."

అంటే నేను ఏం చెప్పినా నూకరాజు దిగిపోవాల్సిందే. ఈ పనిలో ఇలాంటివి తరచుగా ఎదురవుతాయి. ఓనరు వైరు కోసం రాడు, ఒక పేరు కోసం వస్తాడు. తప్పు ఎక్కడ ఉందో వెతకడం మన పని. ఎవరిదో వెతకడం మన పని కాదు. ఆ మాట ఓనరు మొహం మీద అనకండి, పని పోతుంది. మనసులో ఉంచుకుంటే చాలు.

నేను నూకరాజును అడిగాను. "ఎనకున్న లైటు ఎలిగిందో లేదో ముందు కూకున్నోడివి, నీకెలా తెలుస్తాది?"

"నాకు తెల్సు మేస్త్రి గారూ. నాను తొక్కిన పెతిసారీ ఎలిగింది. నూకాలమ్మ తల్లి మీద ఒట్టు" అన్నాడు.

"ఎలా తెల్సని అడుగుతన్నాను."

అతను అద్దం పైన ఉన్న నూకాలమ్మ పటం వైపు ఒకసారి చూసి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

షెడ్డులో బండి అంతా చూశాను. బ్రేకు స్విచ్చి కొత్తది, బాగుంది. కొత్త వైరుకు నా పెద్ద బల్బు తగిలిస్తే ఫెళ్లున వెలిగింది. వెనక లైట్లు రెండూ వెలిగాయి. అమ్మవారి లైటుకు లైను పార్కింగు వైరు నుంచి లాగాడు. జాయింటు మీద టేపు చుట్టడం చేతకాలేదు గాని, దానివల్ల బ్రేకు లైటు పోయే దారి లేదు. ముందువైపు పార్కింగు బల్బులు రెండూ ఎప్పుడో ఊడిపోయి, బల్బులు కూర్చునే ఉత్త గిన్నెలు మిగిలాయి. అది వేరే సంగతి అనుకున్నాను.

మీ ముందు ముగ్గురు చూసి బాగుందన్న బండి మీ దగ్గర కూడా బాగుంటే రెండు దారులున్నాయి. బాగుందని చెప్పి పంపెయ్యడం ఒకటి. అది బాగోలేనప్పుడు చూడడం రెండోది. నేను నాయుడు గారిని అడిగాను, గుద్దినప్పుడు బండి ఖాళీయా, లోడా అని.

"లోడే. గోవాడ ఎల్తంది."

"మిగతావాళ్లు లైటు రాలేదని అరిచినప్పుడు?" అన్నాను.

ఆయన ఆలోచించారు. నూకరాజు లోపలి నుంచి అన్నాడు, "అన్నీ లోడు మీదే బాబూ."

ముగ్గురూ ఖాళీ లారీని చూశారు. లోడు ఉన్న లారీని షెడ్డుకు ఎవరు తెస్తారు? ఫ్యాక్టరీకి ఆలస్యమైతే చెరకు ఎండి తూకం తగ్గుతుంది. "రేపు లోడుతో లైనులో ఉన్నప్పుడు నేనే అక్కడికి వస్తాను" అన్నాను. నాయుడు గారికి ఇష్టం లేదు, కాదనలేకపోయారు.

గోవాడ లైనులో

ఫ్యాక్టరీ చెరకు ఆడే క్రషింగు సీజనులో గోవాడ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. తెలియనివాళ్లకు చెబుతున్నాను. లారీలు, ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు అన్నీ చెరకుతో వరసలో నిలబడి ఉంటాయి. ముందు బండి తూకానికి పోతే వెనకవన్నీ ఒక్కో బండి పొడుగు జరుగుతాయి. జరగడం, ఆగడం, మళ్లీ జరగడం. డ్రైవర్లు చెట్టు కింద చుట్టలు కాల్చుకుంటూ ఉంటారు, వరస కదలగానే పరుగెత్తి ఎక్కుతారు. బ్రేకు లైటు పరీక్షకు అంతకన్నా మంచి చోటు లేదు.

మధ్యాహ్నం వెళ్లాను. నూకరాజు బండి వరస మధ్యలో ఉంది. చెరకు గడలు వెనక్కి గుబురుగా వేలాడుతున్నాయి, లైట్లు చూడాలంటే ఆకులు పక్కకు తొలగించాలి. నేను నేరుగా వెనక్కి పోదామనుకున్నాను. అప్పుడే వరస కదిలింది. "ఎక్కండి మేస్త్రి గారూ, లేపోతే ఎనకోళ్లు తిడతారు" అన్నాడు నూకరాజు. సరే అని క్యాబిన్లో అతని పక్కన కూర్చున్నాను.

బండి కాస్త జరిగింది. అతను బ్రేకు తొక్కాడు.

అద్దం పైన నూకాలమ్మ పటం ముందు ఎర్ర బల్బు వెలిగింది.

కాలు తీశాడు. ఆరిపోయింది.

పట్టపగలు. లైట్ల స్విచ్చి ఏదీ వెయ్యలేదు. పార్కింగు లైనులో ఉన్న బల్బుకు కరెంటు ఎక్కడి నుంచి వచ్చింది? నేను పటం వైపే చూస్తూ కూర్చున్నాను. మళ్లీ వరస కదిలింది, మళ్లీ తొక్కాడు, మళ్లీ వెలిగింది.

"ఇది ఎప్పటి నుంచీ?" అన్నాను.

నూకరాజు గొంతు తగ్గించాడు. "ఈ సీజను మొదలైన కాడి నుంచీ. ఒకో పాలి ఎలుగుతాది, ఒకో పాలి ఎలగదు. లోడు మీదయితే ఎక్కువ ఎలుగుతాది. బరువు మీదున్నప్పుడు తల్లి తోడొస్తందనుకున్నాను. నవ్వకండి."

నేను నవ్వలేదు. అతను ఇంకా అన్నాడు. "బ్రేకు తొక్కితే అమ్మోరు ఎలుగుతంది గదా, ఎనక కూడా ఎలిగినట్టే గదా మేస్త్రి గారూ. అందుకే ఒట్టేసేను. బల్బులు మార్చినాయనకి సెప్తే పడీ పడీ నవ్వేడు. అమ్మోరిని బ్రేకు స్విచ్చి కాడ కూకోబెట్టమన్నాడు. ఇంక ఎవులికీ సెప్పలేదు."

ఇక్కడ చదివేవాళ్లు కాస్త ఆగండి. ఆ ఎలక్ట్రీషియను చెడ్డవాడు కాదు, పని వచ్చినవాడే. తప్పు ఎక్కడుందో చేతికి అందిస్తుంటే నవ్వి కింద పడేసుకున్నాడు. డ్రైవర్లు మన భాషలో చెప్పరు. బండి దగ్గుతోందంటారు, అలిగిందంటారు, అమ్మవారు వెలుగుతోందంటారు. వాళ్లు చెప్పే కారణం తప్పు కావచ్చు. చూసింది మాత్రం తప్పు కాదు, రోజంతా ఆ సీటు మీద కూర్చునేది వాళ్లే. ఇంకేం చేస్తోందో చూడమని పెద్దమేస్త్రి అన్నది దీని గురించే. లైటు వెలగడం లేదని ముగ్గురూ విన్నారు. వెలగకూడని లైటు ఒకటి వెలుగుతోందని ఎవరూ చూడలేదు.

ఎలిగిందేటి, లేదేటి

ఇప్పుడు జరిగింది ఏమిటో చెబుతాను, తేలికే. లారీలో కరెంటు బ్యాటరీ నుంచి వైరులో బల్బుకు వెళ్తుంది. బల్బు నుంచి తిరిగి రావడానికి వేరే వైరు ఉండదు, లారీ అడుగున ఉండే ఇనుప చట్రం, అంటే ఛాసిస్ మీదుగానే బ్యాటరీకి తిరిగి వస్తుంది. ఆ తిరుగుదారినే ఎర్తు అంటాం. చెక్క బాడీ లారీలో వెనక లైట్లు చెక్క మీద ఉంటాయి, చెక్కలో కరెంటు పోదు. అందుకని లైట్ల నుంచి ఛాసిస్‌కు ఒక చిన్న ఎర్తు వైరు బోల్టుతో బిగిస్తారు. ఆ బోల్టు దగ్గర అంటు తప్పిందంటే వెనక లైట్లన్నిటికీ తిరుగుదారి పోయినట్టే.

వెనక బల్బు లోపల రెండు తీగెలుంటాయి, బ్రేకుకు ఒకటి, పార్కింగుకు ఒకటి. బ్రేకు తొక్కితే కరెంటు బ్రేకు తీగెలోకి వచ్చింది. ముందుకు పోదామంటే ఎర్తు లేదు. మడి గట్టు తూము మూసేస్తే నీళ్లు పక్క బోదెలోకి తిరిగినట్టు, పార్కింగు తీగెలోంచి వెనక్కి తిరిగి, పార్కింగు వైరు పట్టుకుని క్యాబిన్ దాకా వచ్చింది. అక్కడ ముందు పార్కింగు బల్బులుంటే వాటిలో పంచుకునేది, అవి లేవు. మిగిలింది నూకాలమ్మ ముందున్న చిన్న ఎర్ర బల్బు ఒక్కటే. క్యాబిన్ ఇనుముది, అక్కడ ఎర్తు బాగుంది. అది వెలిగింది. ఆ కాస్త కరెంటుకు వెనక పెద్ద బల్బు ఎర్రబడను కూడా లేదు.

ఇది నాకు తెలిసింది. నూకరాజుకు మాటలతో చెబితే సగం పడుతుంది, నాయుడు గారికి అదీ పట్టదు. ఆయన అప్పుడే వచ్చి బండి పక్కన నిలబడ్డారు. "తేలిందేటి?" అన్నారు.

"తేలుతోంది, మీరు ఇటు రండి" అని ఆయన్ని వెనక్కి తీసుకెళ్లాను. ఆకులు తొలగించి, లైటు గిన్నెకు ఒక విడి వైరు కొస ఆనించి పట్టుకున్నాను. దాని రెండో కొస ఛాసిస్ మీద గీకి ఇనుము బయటపెట్టిన చోట ఆనించడానికి సిద్ధంగా ఉంచుకున్నాను. నూకరాజును బ్రేకు మీద కాలు తియ్యకుండా ఉండమన్నాను.

వెనక చీకటి. లైటు లేదు. నాయుడు గారు చూశారు.

"నూకరాజూ, అమ్మోరు ఎలిగిందేటి?" అని కేకేశాను.

"ఎలిగింది!"

వైరు ఆనించాను. వెనక లైట్లు రెండూ ఒక్కసారిగా వెలిగాయి.

"ఇప్పుడు?"

వినబడలేదేమోనని మళ్లీ అడిగాను.

"లేదు. ఆరిపోయింది."

వైరు తీశాను. లైట్లు పోయాయి. "ఎలిగింది" అన్నాడు. ఆనించాను. "లేదు" అన్నాడు. ఇంకోసారి చేద్దామనుకునే లోపల క్యాబిన్ తలుపు చప్పుడైంది. నూకరాజు దిగి వెనక్కి వచ్చాడు. నేను వైరు ఆనించి ఉంచాను గాని, బ్రేకు మీద కాలు లేదు కాబట్టి అతనికి వెనక ఏమీ కనబడలేదు. నాయుడు గారు ఏమనుకున్నారో, తను వెళ్లి క్యాబిన్ ఎక్కి బ్రేకు తొక్కారు. లైట్లు వెలిగాయి. నేను వైరు తీశాను. ఆరిపోయాయి. ముందు నుంచి నాయుడు గారి గొంతు వినబడింది, "ఎలిగిందిరా, అమ్మోరు ఎలిగింది!"

నూకరాజు ఆరిపోయిన లైట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు.  "అంటే ఇన్నాళ్లూ అమ్మోరు ఎలిగింది... ఎనక సీకటయిపోయిందని సెప్పడానికా?"

అవునన్నాను.

"నాను దండం ఎట్టుకున్నాను గాని, దిగొచ్చి సూడ్లేదు."

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.  నేను బోల్టు వెతకడానికి లారీ కిందకు దూరాను.

బోల్టు గట్టిగానే ఉంది. దాని కింద వైరు కొస చక్కగానే ఉంది. ఆ రెంటికీ ఛాసిస్‌కూ మధ్య నిగనిగలాడే నీలం పెయింటు ఉంది. దసరాకు లారీకి ఛాసిస్‌తో సహా కొత్త రంగు వేయించడం ఇక్కడ అందరూ చేసేదే. బాడీ చెక్కలు విప్పి, రంగు వేసి, మళ్లీ బిగించారు. ఎర్తు బోల్టును రంగు మీదే బిగించారు. బండి ఖాళీగా ఉన్నప్పుడు బోల్టు అంచు ఎక్కడో కాస్త ఇనుముకు తగిలేది. లోడు ఎక్కితే ఛాసిస్ వంగి అదీ తప్పేది.

నాయుడు గారు వంగి చూశారు. నేను గరుకు కాగితంతో రంగు గీకి ఇనుము తెల్లగా తేలేదాకా రుద్దాను. రాలిన నీలం పొడి ఆయన చెప్పు మీద పడింది.

"రంగు నానే ఏయించేను" అన్నారు ఆయన. ఎవరూ అడగలేదు.

"అందరూ వేయిస్తారు నాయుడు గారూ."

"మరి ఈడి జాయింటు?"

"జాయింటు బాగా వెయ్యలేదు, మళ్లీ వేస్తాను. దానివల్ల మాత్రం ఏమీ పోలేదు. ఆ జాయింటే లేకపోతే ఇది నాకూ దొరికేది కాదు."

నేను చెప్పాల్సింది అంతే. కొత్త డ్రైవరు గురించి నేను అడగలేదు, అడగడం నా పని కాదు. బోల్టు బిగించి బయటకు వచ్చేసరికి వరస కదిలింది, వెనక ట్రాక్టరువాడు హారను కొడుతున్నాడు. నూకరాజు అక్కడే నిలబడి ఉన్నాడు, ఎక్కాలో వద్దో తెలియనట్టు.

"సూస్తావేటిరా?" అన్నారు నాయుడు గారు. "లైను కదిలింది. ఎక్కి బండి తియ్యి."

నూకరాజు ఎక్కాడు. ఆదివారం వచ్చిన కొత్త డ్రైవరును నాయుడు గారు వాళ్ల బావమరిది ట్రాక్టరు మీదకు పంపేశారని తరవాత తెలిసింది. నూకరాజు వడ్డాది వెళ్లి, కాలు విరిగిన రైతును చూసి వచ్చాడనీ తెలిసింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

కొన్ని మాటలు

రంగు వేసిన బండి ఏది వచ్చినా ముందు ఎర్తు బోల్టులు విప్పి రుద్దండి. ఓనరు రంగు పాడైందని గోల పెడతాడు, పెట్టనివ్వండి. ఒక లైటు సంగతి చూసేటప్పుడు మిగతా లైట్ల మీద కూడా కన్ను ఉంచండి. బ్రేకు తొక్కితే పార్కింగు మెరిసినా, ఇండికేటరు వేస్తే ఇంకేదో కొట్టుకున్నా ఎర్తు పోయిందని అనుమానించండి. మాడిన ఫ్యూజు స్థానంలో రాగి పోగు పెట్టమని డ్రైవరు బతిమాలితే పెట్టకండి. వైరు వేడెక్కి రాజుకుంటే చెరకాకు ఎంత త్వరగా అంటుకుంటుందో నేను చూశాను. ఇంకా చాలా ఉన్నాయి, అవి చేతికే అలవాటు కావాలి.

ఇప్పటి బండ్లలో కంప్యూటరు తప్పు ఎక్కడుందో అదే చెబుతుందంటున్నారు. మంచిదే. చెప్పింది అర్థం చేసుకునే మనిషి అప్పుడూ కావాలి, ఇప్పుడూ కావాలి.

నూకరాజు అమ్మవారి లైటు జాయింటు ఆ వారమే మళ్లీ వేశాను. పార్కింగు లైను నుంచి తీసేసి వేరే లైను ఇస్తానన్నాను, అదే సరైన పద్ధతి కూడా. అతను ఒప్పుకోలేదు. "ఉన్నకాడే ఉండనియ్యండి బాబూ" అన్నాడు. ముందు పార్కింగు బల్బులు పెడదామంటే, అవి పెడితే అమ్మవారికి కరెంటు సరిపోదేమోనని భయపడ్డాడు. నచ్చజెప్పి ఆ రెండూ పెట్టాను. పరీక్షకని ఎర్తు తీసి చూపిస్తే అమ్మవారు మునుపంత కాకపోయినా కంటికి ఆనేలా వెలిగింది. చాలన్నాడు.

కొన్ని సీజన్లు గడిచాయి. ఒక రోజు పొద్దున్న నేను షెడ్డు తీసి నీళ్లు చల్లుతుంటే, వడ్డాది నుంచి వచ్చే ఆటో ఆగింది. నూకరాజు దిగాడు, ఒక్కడే. బండి లేదు.

"మేస్త్రి గారూ, అమ్మోరు ఎలిగింది" అన్నాడు.

చెరకు లోడుతో ఉన్న లారీని వడ్డాది దాటాక రోడ్డు పక్కకు దించి, వెనక చెరకాకు కుప్పలు, రాళ్లు అడ్డం పెట్టి, ఆటో ఎక్కి వచ్చాడు. ఫ్యాక్టరీకి ఆలస్యమవుతుందని నాయుడు గారు తిట్టరా అంటే, "ఆయనే ఆపమన్నారు, ఫోను సేసేను" అన్నాడు. నేను మీటరు తీసుకోలేదు. పెద్ద బల్బు కూడా తీసుకోలేదు. ఒక స్పానరు, ఒక గరుకు కాగితం ముక్క జేబులో వేసుకుని అతనితో ఆటో ఎక్కాను.

బోల్టు తుప్పు పట్టింది. విప్పి, రుద్ది, బిగించాను. నూకరాజు క్యాబిన్ ఎక్కి బ్రేకు తొక్కాడు. నా మొహం మీద ఎర్రటి వెలుగు పడింది.

"అమ్మోరు ఎలిగిందేటి?" అని వెనక నుంచి కేకేశాను.

"లేదు బాబూ!" అన్నాడు నూకరాజు. "లేదు" అన్న మాట అంత సంతోషంగా అనడం నేను ఎవరి నోటా వినలేదు.